ఆట రాసి ఉంటుంది, ఎందుకో రాసి ఉండదు: పాత ఆటలు చూసి చెస్ ఓపెనింగ్ నేర్చుకోవడం

కొన్నేళ్ల కిందట ఒక వీకెండ్ రేటింగ్ టోర్నమెంట్‌లో నా ఎదురుగా పదేళ్ల పిల్లాడు కూర్చున్నాడు. నాకు తెల్లపావులు వచ్చాయి. ఇటాలియన్ ఓపెనింగ్ (ఓపెనింగ్ అంటే ఆట మొదలుపెట్టే పద్ధతి) మీద నెల రోజులు కూర్చుని, 14 ఎత్తుల దాకా బట్టీ పట్టి వెళ్లాను. ఏ కొమ్మలో ఏం ఆడాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. బోర్డు మీద నిలువు వరసలకి ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరసలకి 1 నుంచి 8 దాకా అంకెలు; ప్రతి నంబరు పక్కనా ముందు తెల్ల ఎత్తు, తర్వాత నల్ల ఎత్తు; పావు పేరు లేకపోతే కదిలింది బంటు. 1. ఈ4 ఈ5, 2. గుర్రం ఎఫ్3 గుర్రం సి6, 3. బిషప్ సి4. ఇక్కడ నల్లవాళ్లు బిషప్‌ని సి5కి తెస్తారు, లేదంటే రెండో గుర్రాన్ని ఎఫ్6కి తెస్తారు. ఆ పిల్లాడు రెండూ చెయ్యలేదు. అంచున ఉన్న బంటుని ఒక్క గడి జరిపాడు, హెచ్6. అంతే, నా నెల రోజుల చదువు మూడో ఎత్తుకే అయిపోయింది. పన్నెండు నిమిషాలు ఆలోచించి, ఏదో ఒకటి ఆడి, ముప్పై ఎత్తుల్లో ఓడిపోయి, బయట టీ కొట్టు దగ్గర నిలబడి ఆ పిల్లాడి మీద కోపం తెచ్చుకున్నాను, "పుస్తకంలో లేనిది ఎలా ఆడతాడు?" అని.

నిజానికి హెచ్6 గొప్ప ఎత్తేమీ కాదు. ఘోరమైన తప్పూ కాదు, కాస్త బద్ధకపు ఎత్తు. ఒక పావు బయటికి రావాల్సిన టైంలో అంచు బంటు కదిలింది కాబట్టి, వెంటనే డి4 ఆడి బోర్డు మధ్యలో తలుపులు తీస్తే ఆ పోయిన ఎత్తు విలువ ఏంటో నల్లవాళ్లకి తెలిసొస్తుంది. నాకు లైన్లు తెలుసు, ఈ ఒక్క సంగతి తెలీదు. ఎందుకంటే నేను అప్పటిదాకా చూసినవి లైన్లే, ఆటలు కావు. ఎవరో ఏరి పెట్టిన మొదటి 14 ఎత్తులు చూడటం వేరు, ఒక ఆటని మొదటి ఎత్తు నుంచి ఎవరో ఒకరు రాజీనామా చేసేదాకా చూడటం వేరు. ఈ తేడా అర్థం కావడానికి నాకు చాలా కాలం, చాలా ఎంట్రీ ఫీజులు పట్టాయి.

ముందు ఒక చిన్న మాట. ఇక్కడ మంత్రి అంటే క్వీన్, ఏనుగు అంటే రూక్. బిషప్‌ని మాత్రం బిషప్ అనే అంటాను, శకటు అంటే మా ఇంట్లో పిల్లలకే అర్థం కావడం లేదు.

రికార్డయిన ఆటలో ఏముంటుందో చూద్దాం. కంప్యూటర్‌లో ఇప్పుడు అందరం వాడే పీజీఎన్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పైన కొన్ని వివరాలు కనిపిస్తాయి: టోర్నమెంట్ పేరు, ఊరు, తేదీ, రౌండు, తెల్ల ఎవరు, నల్ల ఎవరు, ఫలితం ఏంటి. చాలా వాటిలో ఇద్దరి రేటింగులు (ఆటగాడి బలం చెప్పే అంకెలు), ఓపెనింగ్ కోడ్ కూడా ఉంటాయి. ఆ కోడ్ ఏ00 నుంచి ఈ99 దాకా మొత్తం 500 అరల్లో ఒకటి, ఓపెనింగ్‌లన్నిటినీ ఆ 500 డబ్బాల్లో సర్దిపెట్టారు. దాని కింద ఎత్తులు. ఇంతే. ఎవరు ఏ ఎత్తుకి చెమటలు కక్కారో, ఏది ఇంట్లో తయారుచేసుకొచ్చిందో, ఏది బోర్డు దగ్గర గత్యంతరం లేక ఆడిందో అందులో ఉండదు. అన్నిటికంటే ముఖ్యమైన "ఎందుకు" కూడా ఉండదు. దాన్ని మనమే తవ్వుకోవాలి. ఆటలు చదవడం అంటే ఆ తవ్వుకోవడమే.

అందరికీ తెలిసిన ఆటతోనే మొదలుపెడదాం, ఎందుకంటే అందరికీ తెలిసినా సరిగ్గా చదివినవాళ్లు తక్కువ. 1858, పారిస్, ఒపేరా హాల్లో ఒక బాక్సు. ఒకవైపు తెల్లతో అమెరికన్ ఆటగాడు పాల్ మార్ఫీ, ఇంకోవైపు కలిసి ఆలోచిస్తున్న ఇద్దరు దొరలు, బ్రన్స్‌విక్ డ్యూక్, కౌంట్ ఇజువార్. 1. ఈ4 ఈ5, 2. గుర్రం ఎఫ్3 డి6, 3. డి4. ఇక్కడ దొరలు బిషప్‌ని జి4కి తెచ్చి గుర్రాన్ని కట్టేశారు. చూడ్డానికి బాగానే ఉంది. మార్ఫీ 4. డి4 బంటుతో ఈ5 కొట్టాడు. ఇప్పుడు నల్లవాళ్లు తిరిగి బంటుతోనే కొడితే మంత్రులు మారిపోయి ఈ5 బంటు గుర్రానికి దొరికిపోతుంది, అందుకని ఇష్టం లేకపోయినా బిషప్‌తో గుర్రాన్ని కొట్టాల్సి వచ్చింది. 5. మంత్రి ఎఫ్3 కొట్టింది, నల్ల బంటు ఈ5 కొట్టింది. లెక్క చూడండి: నల్లవాళ్లు రెండు ఎత్తులు పెట్టి తిప్పిన బిషప్ బోర్డు మీదే లేదు, తెల్ల మంత్రి మాత్రం పైసా ఖర్చు లేకుండా బయటికి వచ్చేసింది.

తర్వాత 6. బిషప్ సి4, ఎఫ్7 మీద మేట్ బెదిరింపు. గుర్రం ఎఫ్6. 7. మంత్రి బి3, ఈసారి ఎఫ్7, బి7 రెండిటి మీదా కన్ను. నల్లవాళ్లు మంత్రిని ఈ7లో పెట్టారు. ఇక్కడ ఆపండి. నేనైతే కళ్లు మూసుకుని బి7 బంటు కొట్టేసేవాణ్ని, ఉచితంగా దొరికే బంటుని వదిలేది ఎవరు? కొడితే నల్ల మంత్రి బి4లో చెక్ చెప్పి మంత్రుల్ని మార్పించేస్తుంది, అప్పుడు తెల్లవాళ్లకి ఒక బంటు ఎక్కువ, ఆట మాత్రం చప్పబడిపోతుంది. మార్ఫీ బంటు వదిలేసి 8. గుర్రం సి3 ఆడాడు. ఇంకో పావు బయటికి. ఆ ఒక్క ఎత్తు దగ్గర పది నిమిషాలు కూర్చుంటే వచ్చే జ్ఞానం ఏ ఓపెనింగ్ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. ఈ7లో కూర్చున్న మంత్రి తన సొంత బిషప్ దారికే అడ్డంగా ఉంది, ఆ ఎఫ్8 బిషప్, దాని పక్కన హెచ్8 ఏనుగు ఆట అయ్యేదాకా కదలనే లేదు. మిగతాది మీకు తెలిసిందే, 17వ ఎత్తుకి మేట్.

దొరలు రెండో ఎత్తులో డి6తో ఎంచుకున్న ఓపెనింగ్ పేరు ఫిలిడార్ డిఫెన్స్. దీన్నుంచి "ఫిలిడార్ డిఫెన్స్ చెడ్డది" అని నేర్చుకుంటే తప్పు నేర్చుకున్నట్టే. మూడో ఎత్తులో బిషప్ జి4 బదులు ఈ5 బంటుతో డి4 కొట్టినా, గుర్రం ఎఫ్6 ఆడినా ఆ డిఫెన్స్ నిలబడుతుంది, ఇప్పటికీ మంచి ఆటగాళ్లు ఆడుతూనే ఉన్నారు. నేర్చుకోవాల్సింది వేరే ఉంది. ఎదుటివాడు టైం వృథా చేస్తే బోర్డు మధ్యలో దారులు తెరవాలి, ఆ దారుల్లో మన పావులే ముందుగా ఉండాలి. ఈ ఆట సరిగ్గా చదివి ఉంటే ఆ రోజు పిల్లాడి హెచ్6కి నా చెయ్యి దానంతటదే డి4 మీదకి వెళ్లేది.

సరే, ఇది తేలిక పాఠం. అసలు చిక్కు ఫలితాల దగ్గర మొదలవుతుంది.

మనందరికీ ఉన్న రోగం ఏంటంటే, ఆట చివర 1-0 అని ఉంటే తెల్ల ఓపెనింగ్ మంచిదనీ, 0-1 అని ఉంటే నల్ల ఓపెనింగ్ మంచిదనీ అనుకోవడం. 1918లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ మార్షల్, కాపబ్లాంకా మీద నల్లపావులతో, రూయ్ లోపెజ్ అనే ఓపెనింగ్‌లో 8వ ఎత్తుకి డి5 అంటూ ఒక బంటు వదిలేసి దాడికి దిగాడు. కాపబ్లాంకా ఆ దాడిని కాచుకుని 36 ఎత్తుల్లో గెలిచాడు. ఆ ఒక్క ఆట చూసినవాడు ఏమనుకుంటాడు? ఈ బంటు త్యాగం దండగ అనుకుంటాడు. కానీ తప్పు 8వ ఎత్తులో లేదు, 11వ ఎత్తులో గుర్రాన్ని ఎఫ్6కి వెనక్కి తీయడంలో ఉంది. దాని బదులు సి6 ఆడి డి5లో గుర్రాన్ని గట్టిగా నిలబెట్టి, బిషప్‌ని డి6కి, మంత్రిని హెచ్4కి తీసుకెళ్లాలని తర్వాత తేలింది. ఓడిపోయిన ఆ ఆట పేరు మీదే ఇవాళ మార్షల్ ఎటాక్ నడుస్తోంది, దానికి భయపడి చాలామంది గ్రాండ్‌మాస్టర్లు తెల్లతో ఏ4 అనో హెచ్3 అనో ముందే పక్కకి తప్పుకుంటున్నారు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ. 1972, రెయిక్యావిక్, ఫిషర్, స్పాస్కీ మధ్య ప్రపంచ ఛాంపియన్‌షిప్, ఆరో ఆట. జీవితమంతా దాదాపుగా ఈ4 తప్ప ఇంకోటి ఆడని ఫిషర్ ఆ రోజు సి4తో మొదలుపెట్టి, క్వీన్స్ గాంబిట్ అనే ఓపెనింగ్‌లోకి వెళ్లాడు. అది కూడా స్పాస్కీకి కొట్టిన పిండి లాంటి టార్టకోవర్ పద్ధతిలోకి. 13 ఎత్తులయ్యేసరికి నల్లవాళ్లకి సి5, డి5లో పక్కపక్కన బంట్లు, తెల్ల మంత్రి ఏ3 నుంచి, ఏనుగు సి1 నుంచి సి5 మీద గురిపెట్టి ఉన్నాయి. సి5 బంటు వెనకాల అదే ఏటవాలు వరుసలో ఈ7 దగ్గర నల్ల మంత్రి ఉంది, కాబట్టి ఆ బంటు కదలడానికి లేదు. నల్లవాళ్లకి మిగిలిన గుర్రం ఇంకా బి8లోనే ఉంది. అప్పుడు ఫిషర్ 14. బిషప్ బి5 ఆడాడు, ఆ గుర్రం సులువుగా డి7కి రాకుండా.

స్పాస్కీ ఏ6 ఆడాడు, బిషప్‌ని పొమ్మని. చూడ్డానికి మామూలు ఎత్తే, మనం వందసార్లు ఆడేదే. కానీ ఆ బంటు బిషప్‌ని కొట్టలేదు. కొడితే వెనకాల ఏ8లో ఉన్న ఏనుగుని తెల్ల మంత్రి తినేస్తుంది. అంటే అది ఉత్తుత్తి బెదిరింపు. దాన్ని నిజం బెదిరింపు చెయ్యడానికి నల్ల ఏనుగు ఏ7కి వెళ్లాల్సి వచ్చింది, అది వెళ్లగానే ఫిషర్ తన బిషప్‌ని నింపాదిగా ఈ2కి తీసుకున్నాడు. ఈలోగా సి5లో బంట్లు మారాయి. లెక్కేసుకుంటే నల్లవాళ్లకి మిగిలింది ఏ7లో ఒక వికారమైన ఏనుగు, ఏ6లో ఒక బలహీనమైన బంటు, మధ్యలో ఇరుగుపొరుగు బంట్ల సాయం లేని జంట. ఇలా వేలాడే జంట బంట్లకి ఒక గుణం ఉంది: వెనకాల పావులు చురుగ్గా ఉంటే అవి రెండు కొమ్ములు, పావులు మందకొడిగా ఉంటే అవి రెండు పుండ్లు. ఇక్కడ పుండ్లయ్యాయి. ఫిషర్ 20. ఈ4తో డి5 బంటుని ముందుకు తోసుకునేలా చేశాడు, తన బిషప్‌కి సి4లో సింహాసనం సంపాదించాడు, ఈ5 దాకా బంటుని నడిపాడు, చివర్లో ఎఫ్6 మీద ఏనుగుని బలిచ్చి 41 ఎత్తుల్లో ముగించాడు. స్పాస్కీ కూడా ప్రేక్షకులతో కలిసి చప్పట్లు కొట్టాడు.

ఈ ఆటని చాలామంది ఇక్కడితో మూసేస్తారు. నా దృష్టిలో ఓపెనింగ్ చదువు ఇక్కడే మొదలవుతుంది. ఆ బిషప్ బి5 ఫిషర్ కనిపెట్టింది కాదు. రెండేళ్ల ముందు, 1970లో, సెమ్యోన్ ఫుర్మన్ అదే ఎత్తు ఎఫిమ్ గెల్లర్ మీద ఆడాడు. ఈ గెల్లర్ ఎవరు? 1972లో స్పాస్కీ పక్కన సహాయకుడిగా రెయిక్యావిక్‌లోనే ఉన్నాడు! ఆ ఎత్తుకి గెల్లర్ అప్పటికే మందు వెతికి పెట్టుకున్నాడనీ, బోర్డు దగ్గర స్పాస్కీకి అది గుర్తురాలేదనీ చెస్ లోకంలో చెప్పుకుంటారు. ఆ మందు మరుసటి ఏడాది బయటపడింది. 1973లో హిల్వర్సుమ్‌లో యాన్ టిమ్మన్, గెల్లర్ మీద ఫిషర్ దారినే నడిచి, 14. బిషప్ బి5 ఆడాడు, గెల్లర్ ఏ6 ఆడకుండా మంత్రిని బి7కి తీసుకెళ్లాడు.

ఒక్క ఎత్తులో ఎన్ని పనులు జరిగాయో చూడండి. మంత్రి ఏటవాలు వరుసలోంచి తప్పుకుంది, బిషప్ మీద నిజంగానే గురిపెట్టింది, మూల ఏనుగుకి కాపలా కూడా అయింది. టిమ్మన్ సి5లో బంటు తిన్నాడు, ఏనుగులు మారాయి, తెల్ల మంత్రి సి5కి వచ్చింది. అప్పుడు గెల్లర్ గుర్రాన్ని ఏ6కి దూకించి మంత్రిని బెదిరించాడు. బిషప్ ఆ గుర్రాన్ని కొట్టింది, నల్ల మంత్రి తిరిగి ఏ6లో కొట్టింది. ఇప్పుడు ఆ మంత్రి ఏ6 నుంచి ఎఫ్1 దాకా మొత్తం ఏటవాలు వరుసని పట్టేసింది, అంటే తెల్ల రాజు క్యాజిలింగ్ చేసుకోవడానికి (ఏనుగుతో కలిసి ఒకే ఎత్తులో పక్కకి తప్పుకోవడానికి) లేదు. ఒక బంటు పోయింది, బదులుగా ఎదుటి రాజు నడివీధిలో ఇరుక్కుపోయాడు. గెల్లర్ గెలిచాడు.

మూడు ఆటలూ వరసగా పెట్టుకుని చూస్తే, ఒంటరిగా ఏ ఒక్కటీ చెప్పని విషయం అర్థమవుతుంది. బిషప్ బి5 మంచి ఎత్తా, కాదా? ఏ6 ఆడినవాడి మీద మంచిది, మంత్రి బి7 ఆడినవాడి మీద అంత కాదు. తెల్ల రాజు ఇంకా ఈ1లోనే ఉన్నాడు అనేదే ఆ తేడాకి మూలం. ఓపెనింగ్ థియరీ అని మనం భయపడే దాంట్లో చాలా భాగం ఇలాంటి సంభాషణే: ఒకడు ఒక ఆటలో ప్రశ్న వేస్తాడు, ఇంకొకడు ఇంకో ఊళ్లో, ఇంకో ఏడాది జవాబు చెబుతాడు. ఒక్క ఆట చూడటం ఆ సంభాషణలో ఒక వాక్యం విని లేచి వెళ్లిపోవడం లాంటిది. అందుకే ఒక ఆట నచ్చితే, అందులో ఓడిపోయినవాడు తర్వాత అదే పొజిషన్‌లో ఏం మార్చాడో వెతకండి. గెలిచినవాడి ఆటల కంటే ఇది ఎక్కువ నేర్పుతుందని నా అనుభవం.

ఈ వెతుకులాట ఒకప్పుడు మహా కష్టం. సోవియట్ ఆటగాళ్లు నోటు పుస్తకాల్లో, కార్డుల మీద ఆటలు రాసుకుని దాచుకునేవాళ్లు. 1966 నుంచి బెల్‌గ్రేడ్ నుంచి ఇన్ఫర్మేటర్ అనే ఆటల సంపుటాలు రావడం మొదలైంది, భాషతో పని లేకుండా గుర్తులతోనే వ్యాఖ్యానం ఉండటంతో ఏ దేశం వాడైనా చదువుకోగలిగాడు. తర్వాత కంప్యూటర్ వచ్చింది. 1985లో హాంబర్గ్‌లో ఎనిమిది మంది గట్టి ఆటగాళ్లతో ఒకేసారి ఆడి ఓడిపోయిన కాస్పరోవ్, 1987లో అప్పుడే పుట్టిన చెస్‌బేస్ ప్రోగ్రాంలో వాళ్ల ఆటలు చూసుకుని వెళ్లి 7-1తో బదులు తీర్చుకున్నాడు. 1994 నుంచి మార్క్ క్రౌథర్ అనే ఆయన ప్రతి వారం ప్రపంచంలో జరిగిన ఆటల్ని ఒక ఫైల్‌గా ఉచితంగా ఇస్తున్నాడు. ఇప్పుడు లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్ తెరిస్తే లక్షల ఆటలు ఫోన్‌లోనే, పైసా కట్టక్కర్లేదు. గుడివాడలో కూర్చున్న పిల్లకీ మాస్కోలో కూర్చున్న పిల్లాడికీ ఇప్పుడు అందే సరుకు ఒకటే. కరువు పోయి వరద వచ్చింది, అదే కొత్త తలనొప్పి.

వరదలో మనం మొదట పట్టుకునే కొయ్య గెలుపు శాతం. ఏ పొజిషన్‌లో ఎవరెవరు ఏం ఆడారో చూపించే ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్‌లో ప్రతి ఎత్తు పక్కనా ఒక పట్టీ ఉంటుంది, తెల్ల ఇంత, డ్రా ఇంత, నల్ల ఇంత అని. తెల్ల భాగం పొడుగ్గా ఉన్న ఎత్తుని ఎంచుకుని, అదే మన ఓపెనింగ్ అనుకుంటాం. ఎన్ని ఆటలున్నాయో చూడం. తొమ్మిది ఆటల్లో ఏడు గెలిచిందంటే అది శాతం కాదు, యాదృచ్ఛికం. ఆడినవాళ్ల రేటింగ్ చూడం, 2700 వాడు 2300 వాడి మీద ఏ ఓపెనింగ్ ఆడినా గెలుస్తాడు. ఏ ఏడాది ఆటలో చూడం, ముప్పై ఏళ్ల కిందట బాగా గెలిపించి, తర్వాత జవాబు దొరికి చచ్చిపోయిన లైను పట్టీలో ఇంకా నవనవలాడుతూనే కనిపిస్తుంది.

అన్నిటికంటే పెద్ద మోసం ఇంకోటుంది. 2024 డిసెంబర్ 12, సింగపూర్, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో గుకేశ్‌కీ డింగ్ లిరెన్‌కీ మధ్య 14వ ఆట. చెన్నైలో పెరిగిన మన తెలుగింటి కుర్రాడు, వెనకాల సహాయక బృందంలో మన గుంటూరు హరికృష్ణ కూడా ఉన్నాడు కాబట్టి ఆ రోజు మనలో చాలామంది ఫోన్లు పక్కన పెట్టలేదు. డింగ్‌కి తెల్లపావులు. పావులన్నీ మారిపోయి చెరో ఏనుగు, చెరో బిషప్, గుకేశ్‌కి మూడు బంట్లు, డింగ్‌కి రెండు మిగిలాయి. డ్రా అనే అందరూ అనుకున్నారు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగుని ఎఫ్2కి తెచ్చాడు. ఏనుగులు మారాయి, గుకేశ్ బిషప్‌ని డి5లో పెట్టి బిషప్‌లు కూడా మార్పించాడు, మిగిలిన రాజు, బంట్ల ఆట నల్లవాళ్లదే. 58 ఎత్తులకి 0-1, కొత్త ప్రపంచ ఛాంపియన్. ఈ ఆట డేటాబేస్‌లో ఎక్కడికి వెళ్లి కూర్చుంటుంది? డింగ్ మొదటి ఎత్తుల్లో ఆడిన ఓపెనింగ్ కోడ్ కింద, "నల్ల గెలిచింది" అనే లెక్కలో. ఎత్తు 55 తప్పుకి ఎత్తు 5 శిక్ష అనుభవిస్తోంది. శాతాల పట్టీలో ఇలాంటివి ఎన్ని కలిసిపోయి ఉంటాయో ఊహించుకోండి.

అందుకే నేను శాతాన్ని ఒక్క పనికే వాడతాను, నా ఎదుట కూర్చునేవాళ్లు ఏం ఆడతారో తెలుసుకోవడానికి. దానికి మాస్టర్ల డేటాబేస్ పనికిరాదు. లీచెస్‌లో మామూలు ఆటగాళ్ల ఆటలు వేరేగా ఉంటాయి, వాటిని రేటింగ్‌ని బట్టి, బ్లిట్జా ర్యాపిడా (ఆటకి ఎంత టైం) అన్నదాన్ని బట్టి వడగట్టొచ్చు. ఇటాలియన్‌లో మూడో ఎత్తుకి హెచ్6 మాస్టర్ల ఆటల్లో ఏ మూలో నలుసంత ఉంటుంది. రేటింగ్ తగ్గించి చూస్తే అదే ఎత్తు వరసలో పైకి ఎక్కి కూర్చుంటుంది. నా ప్రత్యర్థి పుస్తకంలో లేనిది ఆడలేదు, నేను చదివిన పుస్తకంలో లేనిది ఆడాడు. ఏ లైన్ ఎంత లోతుగా చదవాలి అనేది ఈ వడపోతే చెబుతుంది. మన స్థాయిలో మూడుసార్లకి ఒకసారి ఎదురయ్యే ఎత్తుకి జవాబు తెలియకుండా, జన్మలో ఒకసారి ఎదురయ్యే 17వ ఎత్తు కొత్తదనాన్ని చదవడం ఎందుకు?

ఇంజిన్ సంగతి, అంటే ఎత్తుల్ని లెక్కగట్టే ప్రోగ్రాం. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ ఆన్ చేస్తే ఎవరిది ఎంత పైచెయ్యో చెప్పే అంకె, సున్నా పాయింట్ మూడు అనో నాలుగో చూపిస్తుంది, అది సాధారణంగా నిజమే. కానీ ఆ అంకె తన చేతిలో ఆట పెడితే ఎలా ఉంటుందో చెబుతోంది, మీ చేతిలో పెడితే ఎలా ఉంటుందో కాదు. 2000లో లండన్‌లో ప్రపంచ టైటిల్ కోసం క్రామ్నిక్ బెర్లిన్ డిఫెన్స్‌తో కాస్పరోవ్ ఈ4ని కట్టేశాడు, ఎనిమిదో ఎత్తుకే మంత్రులు మారిపోయి నల్ల రాజు క్యాజిలింగ్ హక్కు పోగొట్టుకుని డి8లో నిలబడే పొజిషన్ అది. నాలుగుసార్లు ఆడారు, నాలుగూ డ్రా, కాస్పరోవ్ టైటిల్ పోయింది. మంత్రులు లేని చోట డి8లో రాజు క్షేమం అని క్రామ్నిక్‌కి తెలుసు, ఆ తర్వాత ఆడాల్సిన ఎండ్‌గేమ్ (పావులు తగ్గాక వచ్చే చివరి దశ) కూడా తెలుసు. అదే బెర్లిన్ మా స్థాయి వాడు "వరల్డ్ ఛాంపియన్‌ని ఆపింది కదా" అని ఎత్తుకుంటే నాకు తెలిసి ఇరవై ఎత్తుల్లో ఊపిరాడక చస్తాడు. నేను చచ్చాను. ముందు మనిషి బుర్రతో ఆట చూసి, సందేహాలు కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే ఇంజిన్‌ని అడగాలి, ఉపాధ్యాయుణ్ని అడిగినట్టు. మొదటే ఆన్ చేస్తే మన బుర్ర అటు చూడ్డమే మానేస్తుంది.

ఇంతకీ కూర్చుని చెయ్యాల్సింది ఏంటి అని అడిగితే నేను చేసేది చెబుతాను. ముందు ఒక ఓపెనింగ్ అనుకుని, దాన్ని ఏళ్ల తరబడి ఆడిన ఒకరిద్దరిని పట్టుకుంటాను. నల్లతో ఆడే ఓపెనింగ్‌లలో కారో-కాన్ అయితే కార్పోవ్, ఫ్రెంచ్ అయితే బోట్విన్నిక్, కోర్చ్‌నోయ్, నైడార్ఫ్ అయితే ఫిషర్, కాస్పరోవ్. తెల్లతో డి4 ఆడేవాళ్లకి కోనేరు హంపి ఆటలు మంచివి. కార్ల్‌సన్, మన వరంగల్ అర్జున్ లాంటివాళ్లు ఈరోజు ఒకటి రేపు ఒకటి ఆడతారు కాబట్టి, ఆనందానికి బాగుంటారు గానీ ఒక ఓపెనింగ్ నేర్చుకోవడానికి కుదరరు. ఎంచుకున్నవాళ్ల ఆటలు ఓ ముప్పై తీసుకుని, మొదట ఒక్కోటి రెండు మూడు నిమిషాల్లో గబగబా చివరిదాకా తిప్పేస్తాను, ఎక్కడా ఆగకుండా. పదో ఆటకల్లా కొన్ని విషయాలు వాటంతటవే కళ్లకి కొడతాయి: ఈ గుర్రం ఎప్పుడూ అటే వెళ్తోంది, ఈ బిషప్‌ని ఎప్పుడూ మార్చేసుకుంటున్నాడు, ఈ బంటు ఎప్పుడూ ఇక్కడే తోస్తున్నాడు. అవి ఎత్తులు కావు, అలవాట్లు. క్వీన్స్ గాంబిట్ ఎక్స్ఛేంజ్ ఆటలు అలా వరసగా చూడండి, తెల్లవాళ్లు బి4, బి5 అంటూ రెండు బంట్లతో నల్లవాళ్ల మూడు బంట్ల మీదకి వెళ్లి సి6లో ఒక బలహీన బంటుని తయారుచేస్తారు. ఎవరూ చెప్పకుండానే ఐదో ఆటకి పట్టేస్తారు మీరు. పైగా అది బంట్ల అమరికకి సంబంధించింది కాబట్టి కారో-కాన్ ఎక్స్ఛేంజ్‌లో రంగులు తిరగేసి అదే అమరిక వస్తే అక్కడా పనికొస్తుంది.

తర్వాత ఆ ముప్పైలోంచి నాలుగైదు తీసుకుని నిదానంగా, చెక్క బోర్డు మీద, కింది ఎత్తుల్ని కాగితంతో కప్పేసి, నేనైతే ఏం ఆడతానో ఊహించి, తర్వాత కాగితం జరుపుతాను. తప్పినచోట నా ఎత్తు ఎందుకు ఆడలేదో ఒక్క వాక్యం తెలుగులోనే రాసుకుంటాను. "ఇక్కడ జి5 తోస్తే రాజు ముందు కన్నం పడుతుంది." అలాంటి నలభై వాక్యాల నోటు పుస్తకం నాకు నాలుగు వందల లైన్ల ఫైల్ కంటే ఎక్కువ గేములు గెలిపించింది.

చివరగా, అందరూ పారేసేది: సొంత స్కోర్‌షీట్లు. టోర్నమెంట్ నుంచి వచ్చేటప్పుడు కార్బన్ కాపీ మన దగ్గరే ఉంటుంది, బ్యాగు అడుగున నలిగి, చపాతీ నూనె అంటుకుని. దాన్ని తీసి ఆ రాత్రే ఎక్కించండి, వారం ఆగితే మీ రాత మీకే అర్థం కాదు. ఎక్కించాక ఒక్క ప్రశ్న చాలు: మాస్టర్ల ఆటల్లోంచి మొదట పక్కకి వెళ్లింది ఎవరు, ఏ ఎత్తులో? వెళ్లింది మనమైతే, అక్కడ మాస్టర్లు ఏం ఆడతారో చూడాలి. ఎదుటివాడైతే, ఆ ఎత్తు మాస్టర్లు ఎందుకు ఆడరో చూడాలి. ఒక్కో ఆటకి ఒక్క ఎత్తు చొప్పున మన ఓపెనింగ్ పెరుగుతుంది. నెమ్మదిగానే, కానీ ఊడిపోదు.

పిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. ఎనిమిదేళ్ల పిల్లకి ల్యాప్‌టాప్‌లో ఇరవై ఎత్తుల లైన్లు అప్పజెప్పించే నాన్నల్ని టోర్నమెంట్ హాళ్ల బయట చూస్తుంటాను, ఎక్కాలు అప్పజెప్పించినట్టు. ఆ వయసులో పాత మాస్టర్ల చిన్న ఆటలు కథల్లా చూపించండి చాలు, మిగతా టైం టాక్టిక్స్‌కి, ఎండ్‌గేమ్‌లకి పెట్టండి.

పోయినేడాది ఇంకో టోర్నమెంట్‌లో, ఇంకో పిల్లాడు, ఈసారి పదకొండేళ్లుంటాయేమో, మూడో ఎత్తుకి హెచ్6 ఆడాడు. నా ప్రాణం లేచొచ్చింది. వెంటనే డి4. పదిహేనో ఎత్తుకల్లా నా పావులన్నీ బయట, వాడి రాజు మధ్యలో, ఒక బంటు కూడా ఎక్కువ. తర్వాత బంట్లు మార్చుకుంటూ, మార్చుకుంటూ, గెలవాల్సిన ఏనుగుల ఎండ్‌గేమ్‌ని 47వ ఎత్తులో చేతులారా పాడుచేసుకుని ఓడిపోయాను. ఇంటికొచ్చి ఎక్కించి, పక్కన రాసుకున్నాను: "ఓపెనింగ్ తప్పేం లేదు." డేటాబేస్‌లో మాత్రం 0-1 అనే ఉంది.